అధికారం మీద వ్యంగ్యాన్ని చెక్కి అచ్చు వేయడం ఎలా

ఇద్దరు మనుషులు నడుములు వంగి నిలబడ్డారు. ఒక్కొక్కరి వీపు మీద ఒక్కో గాడిద. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1799లో అమ్మకానికి పెట్టిన ‘లోస్ కాప్రిచోస్’ అనే 80 ఎచింగ్‌ల (రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి వేసే అచ్చుల) వరసలో ఇది 42వ బొమ్మ. గాడిదల తలమీద కిరీటం లేదు, ఫలానా ప్రభువు పోలికా లేదు. అయినా కష్టపడేవాడికీ, వాడి కష్టం మీద బతికేవాడికీ ఉన్న సంబంధం ఒక్క చూపులో తెలిసిపోతుంది. నేను ముద్రణ నేర్చుకుంటున్నప్పుడు ఈ బొమ్మ ముందు చాలాసేపు ఆగిపోయాను. అప్పటినుంచీ నా పద్ధతి ఒకటే: ముఖాల సంగతి తర్వాత, ముందు బరువు గీయాలి. ఎవరు ఎవరి మీద కూర్చున్నారో తేలాలి.

ఇక్కడ చెప్పబోయేది లినోకట్ పద్ధతి. దీనికి ముద్రణ యంత్రం అక్కర్లేదు, ఆమ్లాలు అక్కర్లేదు. లినోలియం అంటే అవిసె నూనె, కార్క్ పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచిన మెత్తని పలక. తెల్లగా ఉండాల్సిన చోట చెక్కేస్తారు, చెక్కకుండా వదిలిన చోట సిరా అంటుతుంది. మెక్సికో నగరంలో 1937లో లియోపోల్దో మెందేస్, ఆయన మిత్రులు పెట్టుకున్న ‘తయేర్ దె గ్రాఫికా పొపులార్’ అనే ప్రజా ముద్రణశాల ఫాసిజానికీ యుద్ధానికీ వ్యతిరేకంగా, రైతుల కార్మికుల పక్షాన పోస్టర్లు, కరపత్రాలు వేసింది. వాళ్లు ఎక్కువగా పట్టుకున్నది లినోలియాన్నే. చవక, మెత్తన, తొందరగా తెగుతుంది. రేపటి ఊరేగింపుకి ఈ రాత్రి బొమ్మ కావాలంటే ఇంతకంటే మంచి దారి లేదు.

ముందు ఒక వాక్యం రాయండి

ఉలి పట్టుకునే ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. అందులో చేసేవాడుండాలి, అనుభవించేవాడుండాలి, మధ్యలో ఒక పని జరగాలి. “అవినీతి పెరిగిపోయింది” అన్న వాక్యాన్ని ఎవరూ చెక్కలేరు. “కాంట్రాక్టరు కూలీ చేత పూర్తి జీతానికి సంతకం పెట్టించుకుని సగమే చేతిలో పెడతాడు” అన్నది చెక్కవచ్చు. అందులో రెండు చేతులున్నాయి, ఒక కాగితం ఉంది, ఒక జేబు ఉంది. మీ వాక్యంలో ‘అసమానత’, ‘దోపిడీ’, ‘వ్యవస్థ’ లాంటి మాట కనిపిస్తే కొట్టేయండి. ఏ వస్తువు ఏ చేతిలోంచి ఏ చేతిలోకి పోతోందో దాని స్థానంలో రాయండి. నాకు ఈ ఒక్క వాక్యానికే రెండు మూడు రోజులు పడుతుంది. చెక్కడం దానికంటే త్వరగా అయిపోతుంది.

వాక్యం కుదిరాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ బొమ్మ చూసి నవ్వినప్పుడు దెబ్బ ఎవరికి తగులుతుంది? ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు, గొప్పవాళ్లే ఇక్కడ తప్పటడుగు వేశారు. మెక్సికో కళాకారుడు హోసే గ్వాదలూపే పొసాదా చెక్కిన పుర్రె దొరసాని బొమ్మ మీరు చూసే ఉంటారు. ఈకలు, పువ్వులు పెట్టుకున్న పెద్ద టోపీ, దాని కింద నవ్వుతున్న పుర్రె. ఈరోజు అది ధనికుల డాబు మీద వ్యంగ్యంగా ప్రపంచమంతా తిరుగుతోంది. కానీ ఆయన చనిపోయిన 1913లో కరపత్రంగా అచ్చయినప్పుడు దాని కింది పాఠం వెక్కిరించింది ధనికురాలిని కాదు. తమ మూలవాసి పుట్టుకను దాచుకుని యూరప్ దొరసానుల్లా ముస్తాబయ్యే మామూలు ఆడవాళ్లను. పొసాదా చేతి పనితనమంటే నాకు ప్రాణం. అయినా ఆ కరపత్రం గురి నాకు మింగుడుపడదు. ఒక పేదింటి పిల్ల టోపీ పెట్టుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఆమె రంగును సిగ్గుపడాల్సిన విషయంగా మార్చినవాళ్లు ఆ బొమ్మలో ఎక్కడా లేరు. మీ బొమ్మలో కూడా అసలు మనిషి చట్రం బయట నిలబడి నవ్వుతున్నాడేమో చూసుకోండి.

అలాగే శరీరాన్ని ఎగతాళి చేయకండి. నా మొదటి బ్లాకులో, అంటే అచ్చుకోసం చెక్కే లినో పలకలో, ఒక యజమానిని గీశాను. పెద్ద పొట్ట, గడ్డం కింద మూడు మడతలు, నోట్లో చుట్ట. చూసినవాళ్లు నవ్వారు. ఒకామె మాత్రం “ఇంతకీ ఈయన ఏం చేశాడు?” అని అడిగింది. బొమ్మలో ఆయన ఏమీ చేయడం లేదు, కేవలం లావుగా ఉన్నాడు. ఆ బ్లాకు పక్కన పెట్టి, అదే మనిషిని వెనకనుంచి గీశాను. ముఖం లేదు, పొట్ట లేదు. వీపు వెనక చేతిలో తాళాలగుత్తి, ఆ తాళం వేసిన తలుపు సందులోంచి బయటికి చాపిన నాలుగు చేతివేళ్లు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

బరువును మోసే బొమ్మ వెతకండి

ఇదే అసలు పని. వాక్యంలోని సంబంధాన్ని కంటికి కనిపించే ఒక యంత్రంలా మార్చాలి. మోత, తోయడం, పిండడం, మింగడం, తూకం, నిచ్చెన, గోడ, తలుపు ఇలాంటివేవో ఒకటి.

ఫ్రాన్స్‌లో ఒనొరె దోమియే 1831లో లూయీ ఫిలిప్ రాజును మహాకాయుడిగా గీశాడు. రాజు కూర్చుని ఉంటాడు. నేలమీదనుంచి ఆయన నోటిదాకా ఒక పలక వాలుగా వేసి ఉంటుంది. పేదల దగ్గర వసూలైన సొమ్మును గంపల్లో మోసుకుంటూ మనుషులు ఆ పలక ఎక్కుతుంటారు. రాజు మింగుతాడు. కింద ఆయన ఆసనం నుంచి పదవులు, బిరుదులు రాలుతుంటే దగ్గరివాళ్లు ఏరుకుంటుంటారు. రాజు ముఖాన్ని తీసేసి చూడండి, అర్థం చెక్కుచెదరదు. అంతా ఆ పలకలోనే ఉంది: పన్ను ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోందో ఒక చెక్కముక్క చెప్పేస్తుంది. ఈ బొమ్మకు దోమియేకు ఆరు నెలల జైలు శిక్ష పడింది.

మన వైపు బెంగాల్ చిత్రకారుడు గగనేంద్రనాథ్ ఠాగూర్ 1917 ప్రాంతంలో శిలాముద్రణలో వేసిన వ్యంగ్యచిత్రాల్లో ఒకటి కులాన్ని తిరగలిగా చూపిస్తుంది. మీద పెద్దకులంవాడు కూర్చుని ఉంటాడు, రాయి కింద జనం నలుగుతుంటారు. తిరగలి అంటే వివరించాల్సిన పని లేదు. ఆ రాయి బరువు, అది తిరిగే చప్పుడు అందరి ఒంటికీ తెలుసు. మీరు ఎంచుకునే వస్తువు అలా చూసేవాళ్ల చేతులు ఎరిగినదై ఉండాలి. పుస్తకాల్లో మాత్రమే కనిపించే పురాణ మృగం కంటే బావి గిలక, కావడి, త్రాసు లాంటివి ఎక్కువ దూరం పోతాయి.

ఒక్కోసారి వస్తువు దానంతటదే పుడుతుంది. దోమియే బొమ్మలు ప్రచురించిన షార్ల్ ఫిలిపోన్‌ను 1831లో కోర్టుకు లాగారు. రాజు ముఖం నాలుగు దశల్లో బేరిపండుగా మారడం గీసి చూపించి, పోలిక ఉందని శిక్షిస్తే ఇక బేరిపండు గీసినవాళ్లందరినీ శిక్షించాల్సి వస్తుందని ఆయన వాదించాడు. ఫ్రెంచిలో బేరిపండు అంటే వెర్రివాడనే అర్థమూ ఉంది. ఆ తర్వాత పిల్లలు కూడా గోడల మీద బేరిపండ్లు గీశారు. ఎవరైనా రెండు గీతల్లో వేయగలిగే గుర్తుకు అంత బలముంటుంది. మీ గుర్తును పదేళ్ల పిల్లకు ఒకసారి చూపించి, తర్వాత చూడకుండా గీయమనండి. గీయలేకపోతే ఇంకా తగ్గించాలి.

ఒక హద్దు కూడా చెప్పాలి. 1834 ఏప్రిల్‌లో పారిస్‌లో ట్రాన్స్‌నోనేన్ వీధిలోని ఒక ఇంట్లోకి సైనికులు చొరబడి జనాన్ని చంపారు. దోమియే దాన్ని గీసినప్పుడు వ్యంగ్యాన్ని పూర్తిగా వదిలేశాడు. రాత్రి చొక్కాతో నేలమీద పడి ఉన్న తండ్రి, అతని కింద పసిబిడ్డ. రాజు లేడు, సైనికుడూ లేడు. కంటిముందు శవం ఉన్నప్పుడు నవ్వును పక్కన పెట్టాలని ఆయనకు తెలుసు. మీ వాక్యంలో అనుభవించేవాడు చనిపోయి ఉంటే, మీరు గీయాల్సింది వ్యంగ్యం కాకపోవచ్చు.

చిన్న బొమ్మలు, నల్ల మార్కరు

అగ్గిపెట్టె అంత గళ్లు ఇరవై గీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కోలా ప్రయత్నించండి. పెన్సిల్ వాడకండి, లావు మార్కరే వాడండి. లినోలో బూడిద రంగు ఉండదు, నలుపు లేదా తెలుపు. పెన్సిల్‌తో మొదలుపెడితే నీడలతో మోసపోతారు. పేజీని చేతిదూరంలో పెట్టి కళ్లు సగం మూసి చూడండి. ఏ గడిలో బరువు ఎటు ఉందో అప్పటికీ తెలుస్తుందో అదే తీసుకోండి.

పెద్దవాడు పెద్దగా, పేదవాడు చిన్నగా ఉండాలన్న నియమం లేదు. గోయా బొమ్మలో మనుషులూ గాడిదలూ ఇంచుమించు ఒకే పరిమాణం, అందుకే ఆ మోత అంత అన్యాయంగా కనిపిస్తుంది. నలుపును ఎవరికివ్వాలో కూడా ఇక్కడే తేల్చుకోండి. పీడితుడిని నల్లటి నేలమీద తెల్లని గీతలతో చెక్కితే చూపు అటే పోతుంది. అధికారిని ఒకే గట్టి నల్లముద్దగా వదిలేస్తే, వివరాలేమీ లేకపోవడమే భయం పుట్టిస్తుంది. బెంగాల్ చిత్రకారుడు చిత్తప్రసాద్ బాలకార్మికుల మీద చేసిన లినోకట్‌లు దొరికితే చూడండి. అవి వ్యంగ్యం కావు, కానీ నలుపు ఎంత బరువు మోయగలదో వాటిని చూసి నేర్చుకోవచ్చు.

కింద మాట కావాలా?

చాలా బొమ్మలకు అక్కర్లేదు. కావాలనుకుంటే బొమ్మలో ఉన్నది మళ్లీ చెప్పకండి. గోయా గాడిదల బొమ్మ కింద “నీకు చేతకాదుగా...” అనే అర్థం వచ్చే మాటలు మాత్రమే ఉంటాయి. అది సగం సామెత. “అయితే నన్ను వీపున మొయ్యి” అన్న మిగతా సగాన్ని స్పెయిన్ పాఠకుడు తనే పూరించుకున్నాడు. పూరించుకున్నవాడికి ఆ మాట తనదైపోతుంది. తెలుగులో ఈ పనికి సామెతలకు కొదవా? ప్రభుత్వ భూమిని తనవాళ్లకు పంచుతున్న నాయకుడి బొమ్మ కింద “అత్త సొమ్ము...” అని వదిలేస్తే చాలు. మూడు నాలుగు మాటలు దాటితే పోస్టరు వ్యాసమైపోతుంది. పైగా తెలుగు గుండ్రని అక్షరాల్ని ఉలితో చెక్కడం చాలా ఓపిక అడిగే పని. అక్షరం ఒక్కొక్కటీ కనీసం రెండు సెంటీమీటర్ల ఎత్తుండేలా చూసుకోండి. లేకపోతే గుడిదీర్ఘాలు, వట్రసుడులు సిరాలో పూడిపోతాయి.

బ్లాకు మీదికి ఎక్కించడం

అచ్చు పడినప్పుడు కుడి ఎడమ తారుమారవుతాయి. అందుకని బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాన్ని బోర్లించి లినో మీద పెట్టి వెనకనుంచి రుద్దండి. పెన్సిల్ గీత దానంతటదే తిరగబడి దిగుతుంది. కార్బన్ కాగితం వాడేవాళ్లు ట్రేసింగ్‌ను బోర్లించడం మరిచిపోతుంటారు. అక్షరాలుంటే పనంతా వృథా అవుతుంది, నాకు రెండుసార్లు అయింది. ఇప్పుడు చెక్కబోయే ముందు బ్లాకును అద్దం ముందు పట్టి చదువుతాను. అద్దంలో సరిగ్గా చదవగలిగితే కాగితం మీదా సరిగ్గా పడుతుంది.

గీత దిగాక పర్మనెంట్ మార్కరుతో దిద్దండి. తర్వాత నీళ్లు కలిపిన ఎర్ర రంగును పలుచగా పూసి ఆరనివ్వండి. చెక్కిన చోట లినో అసలు రంగు బయటపడుతుంది కాబట్టి, ఎంత చెక్కారో ఏం మిగిలిందో కంటికి తెలుస్తూ ఉంటుంది.

చెక్కడం

రెండు ఉలులు చాలు. సన్నగీతలకు వీ ఆకారం మొనది, పెద్ద ఖాళీలు తీయడానికి యూ ఆకారం మొనది. చలికాలంలో లినో గట్టిపడి పెళుసుగా ఊడుతుంది. కాసేపు ఎండలో పెట్టినా, వేడినీళ్ల సీసా కింద ఉంచినా మెత్తబడుతుంది.

ఒకే ఒక్క నియమాన్ని ఎప్పుడూ తప్పకండి: బ్లాకును పట్టుకున్న చెయ్యి ఎల్లప్పుడూ ఉలి వెనకే ఉండాలి, మొన ముందుకు ఎప్పుడూ రాకూడదు. వంపు తిప్పాలంటే ఉలి తిప్పకండి, బ్లాకును తిప్పండి. పలక జారకుండా బల్ల అంచుకు ఆనుకునే చెక్క మెట్టు ఒకటి పెట్టుకోండి. మొద్దుబారిన ఉలి పదునైనదానికంటే ప్రమాదకరం. బలంగా తోయాల్సి వస్తుంది, జారితే లోతుగా దిగుతుంది. లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు, గుడ్డ కనిపించేదాకా పోనక్కర్లేదు.

ముందు ముఖ్యమైన అంచులు వీ ఉలితో గీయండి, తర్వాత పెద్ద తెలుపులు తీయండి. మధ్యమధ్య ఆగి, పలుచని కాగితం పరిచి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే సిరా లేకుండానే బొమ్మ ఎలా వస్తోందో తెలుస్తుంది. ఉలి పోయిన దారులు తెల్లచోట్ల చిన్న చిన్న గీతలుగా అచ్చులో పడతాయి. వాటన్నిటినీ తుడిచేయాలని చూడకండి. బరువు పడే దిశలోనే ఆ గీతలు పోయేలా చెక్కితే, ఆ ఖాళీ కూడా బొమ్మతో పాటు నొక్కుతుంది.

పొరపాటున కావాల్సిన గీత తెగిపోతే దాన్ని తిరిగి అతికించడం కష్టం. దాని చుట్టూ బొమ్మనే కొంచెం మార్చుకోవడం మేలు. ఒక రైతు చెయ్యి అలా పోతే ఆ మణికట్టు చుట్టుపక్కలంతా తెల్లగా చెక్కేశాను. అందరికీ ముందు కనిపించింది ఆ లేని చెయ్యే.

సిరా, కాగితం, చెంచా

గాజుపలక మీద కొంచెం నూనె సిరా వేసి రోలరుతో నిలువునా అడ్డంగా పరవండి. సరిగ్గా పరుచుకున్నప్పుడు సన్నగా చిటపటమనే జిగురు శబ్దం వస్తుంది, పైన మఖమల్‌లా ఉంటుంది. కమలాతొక్కలా గుంటలు గుంటలుగా కనిపిస్తే ఎక్కువైనట్టు, సన్నగీతలు పూడిపోతాయి. ఒకేసారి మందంగా రాయకుండా పలుచని పొరలు నాలుగైదుసార్లు బ్లాకుకు ఎక్కించండి.

చేత్తో రుద్దేటప్పుడు పలుచని కాగితం మంచిది, చదరపు మీటరుకు 40 నుంచి 80 గ్రాముల బరువుండేది. కింద ఒక అట్టమీద బ్లాకుకూ కాగితానికీ మూలలు గీసి పెట్టుకుంటే ప్రతి ప్రతీ ఒకే చోట పడుతుంది. కాగితం పరిచి చెంచా వీపుతో మధ్యనుంచి అంచులకు గుండ్రంగా రుద్దండి. ఒక మూల గట్టిగా పట్టుకుని మరో మూల ఎత్తి చూడండి, నలుపు తక్కువైన చోట మళ్లీ రుద్దండి. మొదటి మూడు నాలుగు ప్రతులు ఎప్పుడూ పాలిపోయి వస్తాయి. బ్లాకు సిరా తాగాలి కదా.

ఆ మొదటి ప్రతుల్లో ఒకదాన్ని, విషయం ఏమీ తెలియని ఒకరికి చూపించండి. వీలైతే మీ వాక్యంలోని ‘అనుభవించేవాడి’ లాంటి బతుకు ఉన్నవారికే. ఏం కనిపిస్తోందని మాత్రం అడిగి నోరు మూసుకుని వినండి. వాళ్లు చెప్పేది మీ వాక్యానికి దగ్గరగా లేకపోతే ఇంకా చెక్కాలి. వాళ్లు నొచ్చుకుంటే ఆ బ్లాకు ఆపేయండి.

ఎన్ని వేయాలి, ఎక్కడ పెట్టాలి

గ్యాలరీల పద్ధతిలో 1/20, 2/20 అని అంకెలు వేసి, ఆ తర్వాత బ్లాకును అడ్డంగా గీసి చెడగొడతారు. ప్రతులు తక్కువైతే ధర పెరుగుతుందని. ఈ రకం బొమ్మకు ఆ పద్ధతి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఎవరికోసం చెక్కారో వాళ్లకు అందని బొమ్మ మళ్లీ పైవాడి గోడకే చేరుతుంది. ఇంగ్లండ్‌లో విలియం హోగార్త్ 1751లో క్రూరత్వం మీద వేసిన నాలుగు బొమ్మలు పేదవాళ్లకూ అందాలని చవకగా చెక్క అచ్చు వేయించబోయాడు. రెండు చెక్కేసరికే అనుకున్నదానికంటే ఖర్చు పెరిగి ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఇప్పుడు మీకు ఆ ఇబ్బంది లేదు. చేత్తో వేసిన ప్రతుల్లో మంచిదాన్ని స్కాన్ చేసి ఫొటోకాపీ తీస్తే నలుపు తెలుపు చక్కగా నిలుస్తాయి. గోడకు, సభకు, కరపత్రానికి అవి చాలు.

బతికున్న వ్యక్తిని గుర్తుపట్టేలా గీస్తే, మీరు చూపిన పని జరిగిందనడానికి ఆధారాలు ముందే దగ్గర పెట్టుకోండి. పరువునష్టం చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి, తెలిసిన లాయర్‌ను ఒకమాట అడగడం తప్పు కాదు. గోడ ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా అంటించకండి. రాత్రి అంటించిన పోస్టరును పొద్దున్నే గీకాల్సి వచ్చేది పారిశుద్ధ్య కార్మికురాలే.

నూనె సిరా ఆరడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. ప్రతుల్ని తాడుకు వేలాడదీయండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. గాజు, రోలరు, బ్లాకులను ముందు కొంచెం వంటనూనెతో, తర్వాత సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి. ఆ నూనె గుడ్డల్ని ముద్దచేసి చెత్తబుట్టలో పడేయకండి. నూనె సిరాలో ఉండే అవిసె నూనె పట్టిన గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

బ్లాకును మాత్రం పాడుచేయకండి. గోయా తన బొమ్మల్ని అమ్మకానికి పెట్టిన కొద్దికాలానికే వెనక్కి తీసుకుని, 1803లో ఆ రాగిరేకులను రాజుకు అప్పగించాడు. ఆ రేకులు నిలిచాయి. 1828లో ఆయన చనిపోయాక వాటినుంచి మళ్లీ మళ్లీ ప్రతులు తీశారు, ఈరోజుకీ అవి మాడ్రిడ్‌లో ఉన్నాయి. మీ లినోను కాగితంలో చుట్టి, వంగకుండా చదునుగా, ఎండ తగలని చోట పెట్టండి. వెనకవైపు తేదీ, మొదటిరోజు మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం రాసి ఉంచండి.